చెప్పే బుర్ర, చేసే బుర్ర, వంకలు పెట్టే బుర్ర

వర్క్‌షాపుకి వెళ్ళొచ్చిన ప్రిన్సిపాలుకీ, అత్తారింటికి వెళ్ళొచ్చిన కొత్తల్లుడికీ నాలుగు రోజులపాటు ఎదురుపడకూడదని పెదకాలువ డిగ్రీ కాలేజీ స్టాఫ్ రూములో ఒక సామెత ఉంది. పుట్టించింది వాళ్ళే కాబట్టి అది ఇంకెక్కడా వినబడదు. ఆ సామెత తెలిసినవాళ్ళంతా ఆ సోమవారం సెలవు పెట్టేశారు. విశ్వపతి మాత్రం దొరికిపోయాడు.

పాపం, అతని ఉద్యోగంలో సెలవు అనే మాటే లేదు. అతను గెస్టు లెక్చరరు, రాజనీతి శాస్త్రం చెబుతాడు. పేరుకి అతిథే గానీ, ఈ అతిథికి వచ్చే ఏడు విస్తరి వేస్తారో లేదో ఎండాకాలం సెలవుల ముందు ప్రిన్సిపాలు పెట్టే సంతకాన్ని బట్టి ఉంటుంది. సంతకం పడితే మళ్ళీ పాఠాలు. పడకపోతే రావులపాలెంలో మామగారి ఎరువుల కొట్టు. ఆ కొట్టులో గల్లాపెట్టె పక్కన అల్లుడి కోసమని ఒక స్టూలు, పెళ్ళయిన నాటి నుంచీ ఖాళీగా కాచుకుని ఉంది. మామగారు సూర్యచంద్రం గారికి పొలం గట్టు మీద ఒక దావా ఉంది. వేసింది ఆయన తండ్రి. వాయిదా ఉన్న రోజున ఆయన కోర్టుకి వెళ్తే కొట్టు చూసుకునే దిక్కు లేదని బాధ. "పర్మనెంటు కానిది ఉద్యోగమేంటి బాబూ, మన కొట్టు పర్మనెంటు," అంటారు పండగకి వెళ్ళినప్పుడల్లా. విశ్వపతికి యూరియా వాసన పడదు. ఆ స్టూలు కలలోకి వచ్చినా తుమ్ములొస్తాయి.

ప్రిన్సిపాలు డాక్టర్ గరుడాచలం గారు రసాయన శాస్త్రంలో పండితులు. విశాఖపట్నంలో వర్క్‌షాపు ముగించుకుని, భుజాన జనపనార సంచీతో, మెడలో ఇంకా తీసెయ్యని బ్యాడ్జీతో నేరుగా కాలేజీకి వచ్చేశారు. విశ్వపతిని పిలిపించి, బల్ల మీద ఒక సర్క్యులరు పరిచి, ఎగిరిపోతుందేమో అన్నట్టు దాని మీద చెయ్యి ఆనించి విషయం చెప్పారు.

ఇకమీదట పిల్లలందరూ బ్లాగులు రాసి చదువు నేర్చుకోవాలట. అయితే బ్లాగు రాయమంటే ఒకడు ఎగిరి గంతేస్తాడు, ఇంకొకడు మొహం ముడుచుకుంటాడు. ఎందుకిలా అని పరిశోధిస్తే, అదంతా వాడి వాడి ఆలోచనా శైలిని బట్టి ఉంటుందని తేలిందట. ప్రతి మనిషి బుర్రలోనూ ఒక ప్రభుత్వం ఉంటుందట. కొందరిది శాసన శైలి, వాళ్ళకి సొంతంగా ఏదో ఒకటి కనిపెట్టాలనుంటుంది. కొందరిది నిర్వహణ శైలి, చెప్పింది చెప్పినట్టు చేస్తారు. కొందరిది న్యాయ శైలి, ఎవరేం చేసినా అందులో మంచీ చెడూ ఎంచుతారు. ఎవరిది ఏ శైలో తేల్చి, దానికి తగినట్టు బ్లాగులు రాయించి, వైఖరి నూటికి నూరు శాతం సానుకూలం అని చూపిస్తే, సెలవుల ముందు రాబోయే తనిఖీ కమిటీ కాలేజీకి పై గ్రేడు ఇచ్చి పోతుంది.

ఇది సైకాలజీ కదండీ అని విశ్వపతి వినయంగా మనవి చేసుకున్నాడు.

"మనకి సైకాలజీ డిపార్టుమెంటు లేదు," అన్నారు గరుడాచలం గారు. "లేని డిపార్టుమెంటుకి బాధ్యత అప్పగిస్తే ఆడిట్‌లో అడుగుతారు. ఇందులో శాసనం ఉంది, నిర్వహణ ఉంది, న్యాయం ఉంది. ఈ మూడింటి గురించీ పాఠం చెప్పేది కాలేజీ మొత్తానికి నువ్వొక్కడివే. అంచేత ఆలోచనా శైలుల నోడల్ ఆఫీసరువి నువ్వు."

విశ్వపతి ఏదో అనబోయాడు. గరుడాచలం గారు సొరుగు లాగి, వచ్చే ఏటి కొనసాగింపు ఫైలు బయటికి తీసి, దాని మీద దుమ్ము ఊది, మళ్ళీ లోపల పెట్టేశారు. విశ్వపతి అనబోయింది మింగేసి, అలాగేనండి అన్నాడు.

పరీక్ష పెట్టారు. పరీక్షంటే నిజానికి పరీక్ష కాదు. ఓ నలభై వాక్యాలు ఇచ్చి, ఒక్కోటీ నీకు ఎంతవరకు వర్తిస్తుందో అంకె వెయ్యమన్నారు. ఇందులో తప్పూ ఒప్పూ లేవు, పాసూ ఫెయిలూ లేవు అని విశ్వపతి ప్రతి క్లాసులోనూ గొంతు పోయేలా చెప్పాడు. పాసూ ఫెయిలూ లేని పరీక్ష ఒకటుంటుందని పెదకాలువలో ఎవరు నమ్ముతారు? సాయంత్రానికల్లా గేటు ముందు జిరాక్సు షాపులో 'ఆలోచనా శైలి: ఖచ్చితంగా వచ్చే ప్రశ్నలు, జవాబులతో' అని పుస్తకం వేలాడింది. ఒక తండ్రి వచ్చి, మావాడికి గవర్నమెంటు ఉద్యోగానికి పనికొచ్చే శైలి రాయండి, మీ మేలు మర్చిపోము అని చేతులు పట్టుకున్నాడు.

ఇంత తతంగమూ జరిగాక తేలిందేమిటంటే, శైలి కనిపెట్టడానికి అంకెలు కూడాల్సిన పనే లేదు. గుబ్బల వీరబాబు కాగితం అందుకోగానే లేచి నిలబడి, "ఎక్కడెక్కడ ఎంతెయ్యమంటారండీ?" అని అడిగాడు. వాడిది నిర్వహణ శైలి. యర్రంశెట్టి తేజేశ్వర్ ఆ కాగితం వెనక్కి తిప్పి, ఇంతకంటే మంచి ప్రశ్నలు నేను రాస్తానంటూ సొంత ప్రశ్నపత్రం రాసిచ్చాడు. వాడిది శాసన శైలి. బి.ఏ. మూడో ఏడు చదివే కడలి ఝాన్సీ ఒక్క అంకె కూడా వెయ్యలేదు. మూడో వాక్యమూ పందొమ్మిదో వాక్యమూ ఒకటేనని, ఏడో వాక్యానికి అర్థం లేదని, మొత్తానికి ఈ పరీక్ష దేన్ని కొలుస్తుందో పరీక్షకే తెలియదని ఎర్ర సిరాతో రాసి ఇచ్చింది. ఆ పిల్ల శైలి గురించి ఎవరూ చర్చించలేదు.

కాలేజీ రికార్డుల్లో ఇవి శాసన, నిర్వహణ, న్యాయ శైలులు. క్యాంటీన్లో మాత్రం వాటికి చెప్పే బుర్ర, చేసే బుర్ర, వంకలు పెట్టే బుర్ర అని పేర్లు పడ్డాయి. అక్కడ పడిన పేరే నిలిచింది.

ఆ వారమే నోటీసు బోర్డు మీద గరుడాచలం గారి ఉత్తర్వు వెలిసింది. 'కళాశాల ప్రాంగణమున గల సమస్తమైన వారికి తెలియజేయునది ఏమనగా, శాసన శైలి వారు ఆలోచించవలెను గాని చేయరాదు. నిర్వహణ శైలి వారు ఆదేశములను స్వీకరించవలెను గాని జారీ చేయరాదు. న్యాయ శైలి వారు పై ఇరువురి పనులను విమర్శించవలెను. వారి మాటయే తుది మాట. ఎవరేని తమ శైలిని అతిక్రమించినచో వైఖరి చెడి, తద్వారా శాతములు పడిపోవునని గ్రహించవలెను.'

ఇక బ్లాగులు. కంప్యూటర్లు ఉన్నాయి, లేకపోలేదు. కానీ తనిఖీ కమిటీ వచ్చేసరికి కొత్తవిగా కనబడాలని, ల్యాబుకి తాళం వేసి, ఆ తాళానికి గుడ్డ చుట్టి, గుడ్డ మీద లక్క సీలు వేశారు. మరి రాయడమెలాగ అంటే, కాలేజీకి తెలిసిన పద్ధతి ఒకటే ఉంది: రికార్డు. సైన్సు పిల్లలు ప్రయోగాలకి రాసే రికార్డులాగే, అట్ట వేసి, పేరు చీటీ అంటించి, ఎడమ పక్క బొమ్మకి తెల్ల కాగితం వదిలి, కుడి పక్క గీతల కాగితం మీద బ్లాగు రాయాలి. గరుడాచలం గారు స్వయంగా నమూనా ఇచ్చారు.

ప్రయోగం పేరు: నా అభిప్రాయము. ఉద్దేశము: ఒక అభిప్రాయమును ఏర్పరచుకొనుట. కావలసిన పరికరములు: కలము, కాగితము, మెదడు. పద్ధతి: మెదడును కొంతసేపు కదలకుండా ఉంచి, అందులో తేలిన దానిని కాగితముపైకి దించవలెను. జాగ్రత్తలు: అభిప్రాయము పొంగిపోకుండా చూసుకొనవలెను. ఫలితము: అభిప్రాయము ఏర్పడినది.

ఒక్క మనిషే బ్లాగు మొత్తం రాస్తే శైలి అతిక్రమణ అవుతుంది కాబట్టి పని పంచారు. చెప్పే బుర్రలు చెట్టు కింద కూర్చుని ఏం రాయాలో ఆలోచిస్తారు. చేసే బుర్రలు అది రాస్తారు, అట్టలు వేస్తారు, బొమ్మలకి రంగులు దిద్దుతారు. వంకలు పెట్టే బుర్రలు మార్జిన్లో ఎర్ర సిరాతో వ్యాఖ్యలు పెడతారు. బ్లాగుని నలుగురూ చదవాలి కదా, అందుకని అటెండరు రికార్డు మోసుకుని క్లాసు క్లాసుకీ తిరిగి, ప్రతివాడి చేతా 'చదివితిని' అని సంతకం పెట్టించుకుంటాడు. నచ్చినవాడు బొటనవేలు సిరాలో ముంచి ముద్ర వెయ్యాలి. పిల్లలందరి బొటనవేళ్ళూ నీలంగా మారేసరికి, ఊళ్ళో వాళ్ళు కాలేజీలో ఏదో ఎన్నికలు జరుగుతున్నాయనుకున్నారు.

విశ్వపతి మొదట్లో సిగ్గుపడ్డాడు. తర్వాత్తర్వాత, ఎవరికీ చెప్పలేదు గానీ, అతనికి కొంచెం సంతోషంగా కూడా ఉండేది. అధికారాల విభజన గురించి అతను ఏటేటా పాఠం చెబుతూనే ఉన్నాడు, పిల్లలు ఏటేటా నిద్రపోతూనే ఉన్నారు. ఇప్పుడు కామర్సు పిల్లలు కూడా వరండాలో నిలబడి, ఫలానా వాడికి ఫలానా అధికారం లేదని వాదించుకుంటున్నారు. సిలబస్ ఇంత బాగా ఒంటబట్టడం అతను ఎప్పుడూ చూడలేదు.

చిక్కు ఫ్యాను దగ్గర మొదలైంది. ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం క్లాసులో ఫ్యాను వేద్దామని తేజేశ్వర్ ప్రతిపాదించాడు. తను మీట నొక్కకూడదు, నొక్కడం నిర్వహణ. వీరబాబు లేచి, ఏ ఫ్యానో, ఎంత వేగమో చెప్పమన్నాడు. మూడో నంబరు అన్నాడు తేజేశ్వర్. మూడో నంబరులో పెడితే కిటికీ పక్కవాళ్ళ కాగితాలు ఎగురుతాయని, వాళ్ళ వాదన వినకుండా ఫ్యాను తిప్పడం న్యాయం కాదని ఝాన్సీ స్టే ఇచ్చింది. న్యాయ శైలి వారి మాటే తుది మాట. కిటికీ పక్కవాళ్ళు వాదన తయారు చేసుకోవడానికి గడువు అడిగారు. విశ్వపతి చొక్కా పిండుకుంటూ స్థానిక ప్రభుత్వాల పాఠం పూర్తి చేశాడు.

అక్కణ్ణుంచి క్యాంటీనుకి పాకింది. చెప్పే బుర్రలు పకోడీ ఆర్డరిస్తారు, చేసే బుర్రలు ప్లేటు పట్టుకొస్తారు, వంకలు పెట్టే బుర్రలు రుచి చూసి తీర్పు చెబుతారు. తీర్పు చెప్పేసరికి ప్లేటు ఖాళీ. ఒకరోజు ఝాన్సీ, ఉల్లిపాయ లేని ఉల్లి పకోడీ చెల్లదని తీర్పిచ్చి, ఆ రోజు పకోడీని మొత్తానికే కొట్టివేసింది. క్యాంటీన్ నూకరాజు ముప్పై ఏళ్ళుగా పకోడీ వేస్తున్నవాడు, మొదటిసారి మూకుడు దించి, "నా పకోడీకి అప్పీలెక్కడ చేసుకోవాలండీ?" అని విశ్వపతి దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

చేసే బుర్రలకి పని ఎక్కువై చేతులు నొప్పులు పుట్టాయి. సమ్మె చెయ్యాలనుకున్నారు. కానీ సమ్మె చెయ్యమని ఎవరో ఒకరు ఆదేశించాలి కదా. వెళ్ళి తేజేశ్వర్‌నే అడిగారు. అతను ఎంతో ముచ్చటపడి, నినాదాలతో సహా సమ్మె రూపొందించి ఇచ్చాడు. దానిమీద కూడా స్టే వచ్చింది. వీరబాబు నినాదాల కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ అట్టలు వేసుకోవడానికి కూర్చున్నాడు.

ఇంటర్నల్ పరీక్షలొచ్చాయి. శైలి ప్రకారం చెప్పే బుర్రలు ప్రశ్నలు రాశారు, చేసే బుర్రలు జవాబులు రాశారు, వంకలు పెట్టే బుర్రలు పేపర్లు దిద్దారు. ముగ్గురూ ఎవరి పని వాళ్ళు చక్కగా చేశారు. మార్కుల జాబితా తయారు చేయబోతే, సగానికి పైగా పిల్లలు అసలు పరీక్షే రాయలేదని అప్పుడు తెలిసింది. విశ్వపతి భయపడుతూ ఆ సంగతి చెబితే, గరుడాచలం గారు "వైఖరి ఎలా ఉంది?" అని అడిగారు. వైఖరి బాగానే ఉందండీ, పరీక్ష రాయనివాళ్ళంతా చాలా సానుకూలంగా ఉన్నారు అన్నాడు విశ్వపతి. "అదీ కావలసింది," అన్నారాయన. కమిటీ వెళ్ళిన మరునాడు ఫైలు మీద సంతకం పెడతానని కూడా అన్నారు.

కమిటీ వచ్చింది. ముగ్గురు సభ్యులు, వాళ్ళకో ఛైర్మను. ఛైర్మను ఎక్కడో పెద్ద పదవి చేసి రిటైరైన ముసలాయన, కళ్ళు చిన్నవి, చూపు పెద్దది. మెడలో బంతిపూల దండ వేయించుకుని, కొబ్బరి బొండం తాగి, అందరూ అడిగే ప్రశ్న అడక్కుండా, పిల్లల బ్లాగు ఒక్కటి చూపించండి అన్నాడు.

చేసే బుర్రలు తోపుడు బండి మీద రికార్డులు తోసుకొచ్చారు. ఛైర్మను పై రికార్డు తెరిచాడు. ఉద్దేశము, పరికరములు, పద్ధతి, ఫలితము అన్నీ చదివాడు. ఎడమ పక్క తెల్ల కాగితం మీద, వీరబాబు రంగు పెన్సిళ్ళతో వేసిన మెదడు బొమ్మ, భాగాల పేర్లతో సహా ఉంది. ఆయన ఆ బొమ్మ వైపు కాసేపు చూసి, కంప్యూటరు మీద రాసిన బ్లాగు ఏదైనా ఉందా అని అడిగాడు. సీలు తీయించి, గుడ్డ విప్పించి, ల్యాబు తెరిచారు. కంప్యూటర్లు నిజంగానే కొత్తగా ఉన్నాయి. ఇంటర్నెట్ ఏదీ అంటే, వస్తే పిల్లలు చెడిపోతారని పెట్టించలేదండీ అన్నారు గరుడాచలం గారు.

ఛైర్మను ప్రిన్సిపాలు గదికి తిరిగొచ్చి కూర్చున్నాడు. తన దగ్గరున్న కాగితాల్లో నాయకత్వం అనే చోట వేలు పెట్టి, సంస్థాధిపతి ఆలోచనా శైలి ఏదో ఇక్కడ ఖాళీగా ఉందన్నాడు. పిల్లలందరికీ పరీక్ష పెట్టారు, మరి మీకో అన్నాడు.

గరుడాచలం గారు నవ్వారు. ఆ నవ్వులో శాసన శైలి తొణికిసలాడింది. పరీక్ష కాగితం తెప్పించి, కోటు గుండీ సర్దుకుని కూర్చున్నారు. తలుపు దగ్గర పిల్లలు మూగారు. పెన్ను మూత తీసి, మొదటి వాక్యం చదివి, పక్కనే నిలబడ్డ విశ్వపతి వైపు తలెత్తి, ఆయన అలవాటుగా అడిగారు.

"ఇక్కడెంత వెయ్యమంటావోయ్?"

తలుపు దగ్గర గుసగుసలు ఆగిపోయాయి. వీరబాబు మొహంలో మాత్రం ఎన్నాళ్ళకో సొంత మనిషి కనబడ్డ సంబరం. విశ్వపతి నేల చూశాడు. మీకు తోచింది వెయ్యండి అని రెండుసార్లు చెప్పాడు. ప్రతి వాక్యం దగ్గరా గరుడాచలం గారు ఆగి అతని మొహం చదవడానికి ప్రయత్నించారు. కూడి చూడక్కర్లేదు, అయినా కూడారు. నిఖార్సయిన నిర్వహణ శైలి. కాలేజీ మొత్తంలో అంతటి శైలి ఇంకొకరికి లేదు, వీరబాబు కూడా రెండోవాడే.

నోటీసు బోర్డు మీద ఉత్తర్వు అందరికీ కంఠస్థమే. సమస్తమైన వారు. ఆదేశములను స్వీకరించవలెను గాని జారీ చేయరాదు.

గరుడాచలం గారు కుర్చీలోంచి లేచారు. అటెండరు కూర్చునే బల్ల మీదకి వెళ్ళి కూర్చుని, కోటు విప్పేశారు. కోపం వస్తుందనుకున్నవాళ్ళకి ఆయన మొహంలో అదేం కనబడలేదు. ఏనాడూ లేనంత తేటగా ఉంది ఆ మొహం.

"నిజమేనోయ్ విశ్వపతీ," అన్నారు. "పొద్దున్నే లేచి, ఇవాళ ఏం ఆర్డరు వెయ్యాలిరా దేవుడా అని ఒకటే బెంగ. పైనుంచి సర్క్యులరు వచ్చిన రోజున ప్రాణం లేచొచ్చేది. నాకు మొదటి నుంచీ ఎవరైనా చెబితే బాగుణ్ణనే ఉండేది. ఇప్పుడేం చెయ్యమంటావో చెప్పు, చేసేస్తాను."

విశ్వపతికి జాలేసింది. నిజంగానే వేసింది. కానీ ఆ జాలి వెనకాలే గల్లాపెట్టె పక్కన స్టూలు కూడా కనబడింది. ముక్కులో యూరియా ఘాటు తగిలింది. కమిటీ వెళ్ళిన మరునాటికి ఈయన ప్రిన్సిపాలుగా ఉంటాడో ఉండడో ఎవరికి తెలుసు? అతను గొంతు సర్దుకుని, సొరుగులో నా కొనసాగింపు ఫైలుందండి, దాని మీద సంతకం పెట్టండి అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. గరుడాచలం గారు ఎక్కడ, ఏ రంగు సిరాతో అని అడిగి, చెప్పిన చోట, చెప్పిన సిరాతో, హాయిగా సంతకం చేశారు.

"ఆ సంతకం చెల్లదండి మాస్టారూ," అంది ఝాన్సీ తలుపు దగ్గర నుంచి.

అందరూ దారిచ్చారు. ఆ పిల్ల లోపలికొచ్చి, ఛైర్మనుకి నమస్కారం పెట్టి, విశ్వపతి వైపు తిరిగింది. "మీకు లాభం వచ్చే ఆదేశం మీరే ఇచ్చుకున్నారు కదండీ. తన కేసులో తానే తీర్పరి కాకూడదని మీరే చెప్పారు. రెండో ఏడు, మూడో పాఠం. అందుకని స్టే ఇస్తున్నానండి."

విశ్వపతి గుండె జారిపోయింది. ఆ జారుతున్న గుండెలోనే, ఏ మూలనో, సిగ్గు లేకుండా గర్వం కూడా పొంగింది. ఇన్నేళ్ళలో అతను చెప్పిన పాఠాన్ని తిరిగి అతనికే, చోటు చూసి, అవసరం చూసి అప్పజెప్పిన విద్యార్థి ఈ పిల్ల ఒక్కతే. ఆ పాఠం వల్ల తనే ఎరువుల కొట్టుకి పోతాడని మాత్రం అది చెప్పిన రోజున అనుకోలేదు. కరెక్టేనమ్మా అని మాత్రం అనగలిగాడు.

ఛైర్మను కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఈ తీర్పు ఎక్కడైనా రాశావా అమ్మా అని అడిగాడు.

"బ్లాగులోనండి," అంది ఝాన్సీ. "రికార్డు కాదండి, నిజం బ్లాగు. పొద్దున్న బస్సులో వస్తా ఫోన్లో రాసుకుంటానండి. స్టే ఇస్తే కారణం చెప్పాలని మాస్టారు చెప్పారు కదండీ. మార్జిన్లో చోటు చాలక అందులో పెట్టానండి. ఇవాళ్టిది ఇప్పుడే, తలుపు దగ్గర నిలబడి రాశాను."

ఫోను చేతులు మారింది. ఫ్యాను మీద స్టే, రెండు పక్షాల వాదనలతో ఉంది. పకోడీ తీర్పు ఉంది. దాని కింద నూకరాజు పెట్టుకున్న అప్పీలు, ఆ అప్పీలు మీద పెదకాలువ జనం రాసిన అభిప్రాయాలు చాంతాడంత ఉన్నాయి. అసలు పరీక్షే రాయనివాళ్ళ గురించి ఒక సుదీర్ఘమైన తీర్పు, ఒప్పుకోను అని తేజేశ్వర్ రాసిన జవాబు, దానికి మళ్ళీ జవాబు ఉన్నాయి. వీరబాబు కూడా ఒకచోట, ఎవరూ చెప్పకుండానే, నాకు చేతులు నొప్పెడుతున్నాయి అని ఒక్క వాక్యం రాశాడు. ఛైర్మను పకోడీ దగ్గర నవ్వాడు, పరీక్షల దగ్గర నవ్వడం ఆపేశాడు, వీరబాబు వాక్యం దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం కమిటీ నివేదిక రాసింది. 'కళాశాలలో బ్లాగు రాయు విద్యార్థులు: ఒకరు. వారిలో బ్లాగు పట్ల సానుకూల వైఖరి గలవారు: ఒకరు. శాతము: నూరు.' గరుడాచలం గారు ఆ అంకె చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. గ్రేడు వచ్చేసింది.

విశ్వపతి బస్సు స్టాండులో కూర్చుని, మామగారికి ఫోను చెయ్యాలా, వెళ్ళి మొహం చూపించాలా అని ఆలోచిస్తున్నాడు. ఏమీ తోచక ఝాన్సీ బ్లాగు తెరిచాడు. ఇవాళ్టి తీర్పు అందరూ పైపైనే చదివి వదిలేశారు, అతను కిందిదాకా చదివాడు.

'పై కారణాల వల్ల సంతకం చెల్లదు. అయితే ఈ కేసులో లోతైన ప్రశ్నలు ఉన్నాయి. నిర్వహణ శైలి ప్రిన్సిపాలు గారు సంతకం పెట్టలేరు సరే, మరి పెట్టకుండా ఉండాలనే నిర్ణయం మాత్రం ఆయన తీసుకోగలరా? ఇది తేలేవరకు యథాతథ స్థితి. అంటే నిన్న ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారో ఆ కుర్చీలోనే కూర్చోవాలి, నిన్న ఎవరు ఏ పాఠం చెబుతున్నారో ఆ పాఠమే చెప్పాలి, నిన్న వచ్చే జీతమే రావాలి. ఎవరూ ఎవరినీ కదపరాదు. తదుపరి వాయిదా తేదీ తర్వాత తెలియజేయబడును.'

విశ్వపతి మళ్ళీ చదివాడు. తర్వాత, బస్సు స్టాండులో నలుగురూ చూస్తుండగా, గట్టిగా నవ్వేశాడు. మర్నాడు వరండాలో ఝాన్సీ కనబడితే, వాయిదా ఎప్పుడమ్మా అని అడిగాడు.

"తొందరేముందండి," అంది ఆ పిల్ల, తలొంచుకుని నడిచిపోతూ.

సెలవులు అయిపోయాయి. కాలేజీ తెరిచారు. ఝాన్సీ డిగ్రీ పూర్తి చేసి, లా చదవడానికి విశాఖపట్నం వెళ్ళిపోయింది. విశ్వపతి తన కుర్చీలో తను కూర్చున్నాడు. ఫలానా గెస్టు లెక్చరరు ఏ ఉత్తర్వు ప్రకారం కొనసాగుతున్నాడని పై ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. గరుడాచలం గారు ఏం రాయమంటావని విశ్వపతిని అడగబోయి, అది మళ్ళీ అదే తప్పవుతుందని గుర్తొచ్చి నాలిక్కరుచుకుని, ఝాన్సీకే ఫోను చేసి అడిగి రాశారు: 'సదరు విషయము విచారణలో ఉన్నందున వ్యాఖ్యానింపజాలము.' పై ఆఫీసువాళ్ళు ఆ వాక్యం చూడగానే, ఇంత గౌరవమైన కారణానికి ఎదురేముందని ఫైలు కట్టేశారు.

ఆ ఏడు పండగకి విశ్వపతి రావులపాలెం వెళ్ళాడు. కొట్టులో సూర్యచంద్రం గారు యథాప్రకారం స్టూలు మీద దుమ్ము దులిపి, ఇంతకీ ఉద్యోగం సంగతి ఏమైంది బాబూ, పర్మనెంటు చేశారా అని అడిగారు. లేదండీ, నా ఉద్యోగం మీద కేసు నడుస్తోంది, తేలేవరకు కదపడానికి లేదన్నారు అని చెప్పాడు విశ్వపతి.

"వాయిదా ఎప్పుడు?"

"ఇంకా వెయ్యలేదండీ."

సూర్యచంద్రం గారు అల్లుణ్ణి మొదటిసారి చూస్తున్నట్టు ఎగాదిగా చూశారు. గట్టు దావా కాగితాలున్న ఇనప్పెట్టె వైపు ఒకసారి చూసుకున్నారు. అవి ఆయన తండ్రి నుంచి వచ్చినవి.

"వాయిదా కూడా పడని కేసా! మరి ముందే చెప్పరేంటి బాబూ, మీ మనవడి దాకా ఢోకా లేదు," అని, స్టూలు తీసి లోపల పెట్టించి, అల్లుడికి కుర్చీ తెమ్మన్నారు.